వీఎస్ కోడ్ వేసుకున్నా సి ప్రోగ్రాం ఎందుకు నడవదు?

బీటెక్‌లోనో డిప్లొమాలోనో చేరిన కొత్తలో చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. కాలేజీ ల్యాబ్‌లో టర్బో సి నీలం తెర మీద ప్రోగ్రాం నడుస్తుంది. ఇంటికొచ్చాక, సీనియర్ ఎవరో చెప్పారని ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ వేసుకుని అదే ప్రోగ్రాం టైప్ చేస్తారు. పదాలకు రంగులొస్తాయి, తెరిచిన బ్రాకెట్ దానంతటదే మూసుకుంటుంది, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది. తీరా రన్ నొక్కాక, జీసీసీ అనే కమాండ్ ఏదో తనకు తెలియదంటూ కింద ఒక మెసేజ్ పడుతుంది. ఇక టెన్షన్ మొదలు. ఒక వీడియో చూసి ఒకటి మారుస్తారు, ఇంకో వీడియో చూసి ఇంకోటి మారుస్తారు. సాయంత్రానికి ఏం మార్చారో వాళ్లకే గుర్తుండదు. కొందరైతే సి తమ వల్ల కాదని తేల్చేసుకుంటారు.

అప్పటికి వాళ్లింకా సి దాకా రానే లేదు. మొదటి వారంలో వచ్చే తలనొప్పుల్లో ఎక్కువ భాగం పనిముట్ల గొడవే. రాసుకునే ఎడిటర్, రాసినదాన్ని మెషీన్‌కు అర్థమయ్యేలా మార్చే కంపైలర్, కమాండ్లు ఇచ్చే టెర్మినల్ అని మూడు వేర్వేరు పనిముట్లున్నాయి. ఒకే కిటికీలో కనిపిస్తుంటాయి కాబట్టి మూడింటినీ ఒకటే అనుకుంటాం. ఎర్రర్ వచ్చినప్పుడు ‘ఈ మాట అన్నది ఎవరు?’ అని చూసుకోవడం అలవాటైతే సగం గొడవ అక్కడే తేలిపోతుంది.

టర్బో సి నేర్పిన అలవాటు

బోర్లాండ్ కంపెనీ టర్బో సిని 1987లో విడుదల చేసింది. డాస్ కంప్యూటర్ల కాలం అది. రాసుకునే చోటు, కంపైల్ చేసేది, తప్పులు వెతికేది అన్నీ ఒకే తెర మీద దొరకడం అప్పట్లో గొప్ప సౌకర్యం. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే చాలు, ప్రోగ్రాం నడిచేది. మన కాలేజీల్లో దాని మీద మోజు ఊరికే రాలేదు. కానీ 64 బిట్ల విండోస్ ఆ 16 బిట్ల ప్రోగ్రాంను నేరుగా నడపలేదు. అందుకే ఇప్పుడు టర్బో సిని డాస్‌బాక్స్ అనే ప్రోగ్రాంలో నడుపుతారు. అంటే కొత్త కంప్యూటర్ లోపల ఒక పాత కంప్యూటర్‌ను నటింపజేసి, దాని మీద మీరు ప్రోగ్రాం రాస్తున్నారన్నమాట. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదనే నియమం కూడా ఆ కాలందే.

ఇది పాతదన్న ఒక్క కారణానికే వద్దనడం లేదు. ల్యాబ్‌లో ఇంచుమించు అందరూ రాసే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే చూడండి, ఒకటి నుంచి ఇచ్చిన సంఖ్య దాకా అన్నిటినీ గుణించేది. వేరియబుల్‌ను ఇంట్‌గా, అంటే పూర్ణాంకంగా పెట్టి, టర్బో సిలో 7 ఇస్తే 5040 అని సరిగ్గా వస్తుంది. 8 ఇస్తే 40320 రావాలి. తెర మీద మాత్రం మైనస్ 25216 కనిపిస్తుంది! టర్బో సిలో ఇంట్ పరిమాణం 2 బైట్లు, అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32767. అది దాటితే లెక్క తిరగబడి రుణ సంఖ్యల్లోకి పోతుంది. అదే ప్రోగ్రాంను ఇప్పుడు వాడే జీసీసీ అనే కంపైలర్‌తో నడిపితే ఇంట్‌కు 4 బైట్లు కాబట్టి 12 దాకా సరిగ్గానే వస్తుంది, 479001600 అని. 13 దగ్గర మళ్లీ తప్పుతుంది. ఈసారి వచ్చేది 1932053504. మైనస్ గుర్తు లేదు, అంకెలు కూడా నమ్మబుద్ధేసేలా ఉన్నాయి, అయినా తప్పు. అసలు జవాబు 622 కోట్లు దాటుతుంది. ఇంట్‌కు కనీసం 16 బిట్లు ఉండాలని మాత్రమే సి ప్రమాణం చెప్తుంది. ఆ పైన ఎన్ని అన్నది కంపైలర్‌ను బట్టి ఉంటుంది. కాబట్టి ‘ఇంట్ అంటే 2 బైట్లు’ అని నోట్సులో రాసుకున్నవాళ్లు, ‘టర్బో సిలో’ అన్న మాట కూడా పక్కన చేర్చుకోవాలి.

ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి. తెర తుడవడానికి రాసే సీఎల్ఆర్ఎస్‌సీఆర్ బోర్లాండ్ సొంత సరుకు, సి భాషలో లేదు. జీసీసీకి అది తెలియదు. దాని కోసం ప్రోగ్రాం పైన చేర్చే కోనియో డాట్ హెచ్ అనే ఫైలు విండోస్‌లో నడిచే జీసీసీలో ఉంటుంది, లైనక్స్‌లో ఉండదు. వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ రాయడం పద్ధతి. పరీక్షలో, ల్యాబ్‌లో మీ సార్ ఎలా రాయమంటే అలాగే రాయండి, మార్కుల దగ్గర వాదనలొద్దు. ఇంట్లో మాత్రం తెర తుడిచే లైను, కోనియో లైను తీసేసి రాయడం అలవాటు చేసుకోండి.

ఎవరి పని ఏమిటి

ఎడిటర్ పని అక్షరాలను ఫైల్లో దాచడం. అంతే. నోట్‌ప్యాడ్‌తోనైనా సి ప్రోగ్రాం రాయొచ్చు. కాకపోతే నోట్‌ప్యాడ్ మీ ఫైలుకు తోకలా డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, విండోస్ ఆ తోకను చూపించకుండా దాచేస్తుంది. ఫోల్డర్లో హలో డాట్ సి అని కనిపించేది అసలు హలో డాట్ సి డాట్ టీఎక్స్‌టీ అయి కూర్చుంటుంది. ఫోల్డర్ వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్న దానికి టిక్ పెట్టేయండి. సి రాసేవాళ్లకు ఆ తోక కనిపించి తీరాలి.

వీఎస్ కోడ్ కూడా ఎడిటరే. మైక్రోసాఫ్ట్ దాన్ని 2015లో బయటపెట్టింది. రంగులు, పదాలు పూర్తిచేయడం, ఎర్ర గీతలు అన్నీ చదవడానికీ రాయడానికీ సాయం. దాన్ని దింపుకున్నంత మాత్రాన కంపైలర్ రాదు. అందులో సి/సి++ ఎక్స్‌టెన్షన్ వేసుకున్నా రాదు! చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఊదా రంగు గుర్తున్న విజువల్ స్టూడియో వేరు, నీలం రంగు వీఎస్ కోడ్ వేరు. మొదటిది కంపైలర్‌తో సహా వచ్చే పెద్ద మూట, హలో వరల్డ్ కోసం అంత అక్కర్లేదు.

కంపైలర్ మీ ఫైలును చదివి, మెషీన్‌కు అర్థమయ్యే ప్రోగ్రాంగా మారుస్తుంది. మనం ఎక్కువగా వాడే జీసీసీని రిచర్డ్ స్టాల్మన్ మొదలుపెట్టారు. మొదటి విడుదల 1987లోనే, టర్బో సి వచ్చిన ఏడాదే. కంపైల్ అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ లోపల మెట్లు నాలుగు. హ్యాష్ గుర్తుతో మొదలయ్యే ఇన్‌క్లూడ్, డిఫైన్ లైన్ల సంగతి ముందు చూస్తుంది. తర్వాత సిని అసెంబ్లీగా, దాన్ని ఆబ్జెక్ట్ ఫైలుగా మారుస్తుంది. ప్రింట్ఎఫ్ లాంటివి ఉండే లైబ్రరీతో కలిపి ఈఎక్స్‌ఈ తయారుచేయడం చివరి మెట్టు. ఈ చివరి పని చేసేదాన్ని లింకర్ అంటారు. ఆ పేరు గుర్తుంచుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

టెర్మినల్ అంటే మీరు కమాండ్ టైప్ చేసే చోటు, ప్రోగ్రాం జవాబు చూపించే చోటు. వీఎస్ కోడ్ కింది భాగంలో కనిపించేది విండోస్ పవర్‌షెల్లే, వేరే ఏదో కాదు.

ఇలా విడివిడిగా ఉండటం ఇప్పుడొచ్చిన ఫ్యాషన్ అనుకోవద్దు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ సిని తయారుచేసినప్పుడు యూనిక్స్‌లో పద్ధతి ఇదే. ఎడిటర్ ఒకటి, కంపైలర్ ఇంకొకటి, కమాండ్లు ఇచ్చే చోటు వేరొకటి. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ ఎడిటర్ వారసుడు విమ్‌ను ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. వీఎస్ కోడ్ కొత్తదే గానీ ఈ పద్ధతి టర్బో సి కన్నా పాతది.

పాత్ అంటే ఏమిటి

విండోస్‌లో జీసీసీ కావాలంటే మింజీడబ్ల్యూ డబ్ల్యూ64 అనే రూపంలో దొరుకుతుంది. దాన్ని ఎంసిస్2 అనే సాఫ్ట్‌వేర్ ద్వారా వేసుకోవడం తేలిక. ఎంసిస్2 ఇన్‌స్టాల్ చేశాక దాని కిటికీ తెరిచి, వీఎస్ కోడ్ వాళ్ల అధికారిక పేజీలో ఉన్న ప్యాక్‌మ్యాన్ కమాండ్‌ను అతికించి ఎంటర్ కొడితే కంపైలర్, తప్పులు వెతకడానికి వాడే డీబగ్గర్ రెండూ దిగుతాయి.

దిగాక కూడా పవర్‌షెల్ ‘జీసీసీనా, ఎవరు?’ అంటుంది. మీరు ఒక కమాండ్ పేరు కొట్టగానే విండోస్ కంప్యూటర్ మొత్తం వెతకదు. తన దగ్గరున్న కొన్ని ఫోల్డర్ల జాబితాలో మాత్రమే చూస్తుంది. ఆ జాబితా పేరే పాత్. జీసీసీ ఉన్న ఫోల్డర్ ఆ జాబితాలో లేకపోతే, పక్కనే ఉన్నా లేనట్టే లెక్క. మామూలుగా అది సి డ్రైవ్‌లో ఎంసిస్64, దాని లోపల యూసీఆర్‌టీ64, దాని లోపల బిన్ ఫోల్డర్లో ఉంటుంది. స్టార్ట్ మెనూలో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అని వెతికి, పాత్ అన్న లైన్ ఎంచుకుని, ఎడిట్ నొక్కి, న్యూ నొక్కి ఈ ఫోల్డర్ చిరునామా చేర్చాలి. అక్కడున్న పాత లైన్లు తీసేయొద్దు, మిగతా ప్రోగ్రాములు వాటి మీదే ఆధారపడి ఉంటాయి.

చేర్చిన తర్వాత వీఎస్ కోడ్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రాం దగ్గర పాత జాబితా కాపీయే ఉంటుంది. ‘అన్నీ కరెక్టుగా చేశాను, అయినా రావట్లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఇదే. తర్వాత టెర్మినల్లో జీసీసీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి, దానికి ఆనించి వెర్షన్ అని కొట్టండి. వెర్షన్ నంబరు కనిపిస్తే గండం గడిచినట్టే. ఇక్కడ తెలుగులో రాస్తున్నా కొట్టాల్సింది ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే.

ఇంత ఓపిక లేకపోతే, వీఎస్ కోడ్ బదులు వాడుకునే కోడ్‌బ్లాక్స్ ఉంది. దాని డౌన్‌లోడ్ పేజీలో ఫైలు పేరులో మింజీడబ్ల్యూ అని ఉన్నదే తీసుకోండి. కంపైలర్ అందులోనే ఉంటుంది, పాత్ గొడవ లేదు. రేపే ల్యాబ్ ఎగ్జామ్ అయితే నేనూ అదే చెప్తాను. ఉబుంటు వాడేవాళ్లకు బిల్డ్ ఎసెన్షియల్ అనే ప్యాకేజీ, మ్యాక్ వాళ్లకు ఎక్స్‌కోడ్ కమాండ్ లైన్ టూల్స్ చాలు. మ్యాక్‌లో జీసీసీ అని కొట్టినా లోపల పలికేది క్లాంగ్ అనే వేరే కంపైలర్, నేర్చుకునేవాళ్లకు తేడా పెద్దగా తెలియదు. ల్యాప్‌టాప్ లేకుండా ఫోన్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు ఆన్‌లైన్ కంపైలర్లు ఉన్నాయి. చిన్న ప్రోగ్రాములకు వాటితో లోటేమీ లేదు.

రన్ బటన్ సంగతి కాసేపు పక్కన పెట్టి, మొదటి పది ప్రోగ్రాములు టెర్మినల్లో చేత్తోనే కంపైల్ చేయమంటాను. జీసీసీ, ఫైలు పేరు, హైఫన్ ఓ, తయారయ్యే ప్రోగ్రాంకు పేరు. ఎంటర్. పవర్‌షెల్‌లో దాన్ని నడపడానికి పేరు ముందు చుక్క, వెనక్కి వాలిన గీత పెట్టాలి. ఈ ఫోల్డర్లో ఉన్నదాన్నే నడుపు అని దాని అర్థం. రెండు రోజుల్లో వేళ్లకు అలవాటైపోతుంది. ఆ తర్వాత రన్ బటన్ నొక్కినా అది మీ బదులు ఏం కొడుతోందో మీకు తెలుస్తుంది. టాస్క్స్ డాట్ జేసన్, లాంచ్ డాట్ జేసన్ అనే వీఎస్ కోడ్ సెట్టింగుల ఫైళ్లను ఎక్కడినుంచో తెచ్చి అతికించే పని అసలే వద్దు. వేరేవాళ్ల కంప్యూటర్‌లోని ఫోల్డర్ల పేర్లు అందులో ఉంటాయి, మీ దగ్గర పనిచేయకపోతే ఎందుకో పట్టుకోవడం కష్టం.

ఈ మాట అన్నది ఎవరు?

జీసీసీ ఈజ్ నాట్ రికగ్నైజ్డ్ అని వస్తే, అన్నది టెర్మినల్. కంపైలర్‌కు ఇంకా కబురే అందలేదు. మీ ప్రోగ్రాంలో తప్పు వెతకడం దండగ, పాత్ చూసుకోండి.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు విన్‌మెయిన్. ఇది చూసి కొత్తవాళ్లు హడలిపోతారు, ఎందుకంటే వాళ్లు విన్‌మెయిన్ అనే మాటే ఎక్కడా రాయలేదు. ఇది లింకర్ మాట. ప్రోగ్రాం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వెతికిందని, మెయిన్ దొరకలేదని అర్థం. మెయిన్ స్పెల్లింగ్ తప్పి ఉండొచ్చు. కానీ ఎక్కువసార్లు కారణం ఇంకా చిన్నది, ఫైలు సేవ్ చేయకపోవడం. మీ కళ్ల ముందు ఇరవై లైన్ల ప్రోగ్రాం ఉంది. అది ఎడిటర్ జ్ఞాపకంలో ఉంది. డిస్క్ మీద ఉన్న ఫైలు ఇంకా ఖాళీ. కంపైలర్ చదివేది డిస్క్ మీదున్నదాన్నే. వీఎస్ కోడ్‌లో ఫైలు పేరు పక్కన గుండ్రటి చుక్క కనిపిస్తోందా? సేవ్ కాలేదన్నమాట. కంట్రోల్ ఎస్ కొట్టండి, లేదా ఫైల్ మెనూలో ఆటో సేవ్‌కు టిక్ పెట్టేయండి.

స్ట్రే అని మొదలై, వెనక్కి వాలిన గీతా 342 అనే అంకే వస్తే, అన్నది కంపైలర్. కోడ్‌ను వాట్సాప్‌లోంచో పీడీఎఫ్‌లోంచో కాపీ చేశారని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. అలాంటి చోట్ల మామూలు కొటేషన్ గుర్తులు ఒంపు తిరిగిన గుర్తులుగా మారిపోతుంటాయి. మనకు రెండూ ఒకటే, సికి కాదు. ఆ 342 ఒంపు గుర్తులోని మొదటి బైటు, ఎనిమిది ఆధారంగా రాసిన సంఖ్య. గుర్తులు చెరిపి, కీబోర్డు మీద మళ్లీ కొడితే పోతుంది.

పర్మిషన్ డినైడ్ అని వస్తే అడ్మినిస్ట్రేటర్ హక్కుల కోసం పరిగెత్తకండి. పాత ప్రోగ్రాం ఇంకా నడుస్తోంది, ఎక్కడో స్కాన్ఎఫ్ దగ్గర మీరిచ్చే అంకె కోసం కాచుకుని ఉంది. నడుస్తున్న ఈఎక్స్‌ఈ మీద కొత్తది రాయడానికి విండోస్ ఒప్పుకోదు. టెర్మినల్లో కంట్రోల్ సి కొట్టి దాన్ని ఆపండి.

అసలు ఎర్రరే లేకుండా వచ్చే చిక్కు ఒకటుంది. కోడ్ రన్నర్ అనే ఎక్స్‌టెన్షన్ చాలామంది వేసుకుంటారు. ‘ఎంటర్ ఎ నంబర్’ దాకా వచ్చి, లేదా అదీ రాకుండా ఆగిపోతుంది. అంకె కొడదామంటే పడదు. అది జవాబు చూపిస్తున్నది అవుట్‌పుట్ అనే ప్యానెల్లో, అక్కడ చూడటమే తప్ప రాయడం కుదరదు. సెట్టింగ్స్‌లో కోడ్ రన్నర్ కింద రన్ ఇన్ టెర్మినల్ అన్నది ఆన్ చేస్తే సరి.

ఇవన్నీ దాటాక సి తప్పులు మొదలవుతాయి, అవి మంచి తప్పులు. ఒకే సెమీకోలన్ మర్చిపోతే పది ఎర్రర్లు పడొచ్చు. పైనుంచి మొదటిది మాత్రమే సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి, కిందివి చాలావరకు వాటంతటవే పోతాయి. చూపించిన లైన్లో ఏమీ కనపడకపోతే దాని పై లైన్ చూడండి.

జీసీసీకి తెలిసినా అడగందే చెప్పని విషయాలు కొన్ని ఉన్నాయి. కమాండ్లో హైఫన్ తర్వాత పెద్ద డబ్ల్యూ, దానికి ఆనించి ఆల్ అని చేర్చండి. స్కాన్ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ మర్చిపోయినా, ఇఫ్‌లో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెట్టినా, వాయిడ్ మెయిన్ రాసినా హెచ్చరిస్తుంది. హెచ్చరికలున్నా ప్రోగ్రాం తయారవుతుంది కాబట్టి చాలామంది చదవరు. ఆంపర్‌సాండ్ లేని స్కాన్ఎఫ్ నడిచేటప్పుడు చప్పుడు లేకుండా కుప్పకూలుతుంది, అప్పుడు చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

డీబగ్గర్‌ను కూడా మొదటి నెలలోనే ముట్టుకోండి. లైన్ నంబరు పక్కన క్లిక్ చేస్తే ఎర్ర చుక్క పడుతుంది. ఎఫ్5తో మొదలుపెట్టి, ఎఫ్10తో ఒక్కో లైనూ దాటుతూ పోతే, ఎడమ పక్కన వేరియబుల్స్ విలువలు మారుతుంటాయి. ఫర్ లూప్ ఎన్నిసార్లు తిరుగుతుందో బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కనివాళ్లకు ఇది చూస్తే ఇట్టే ఎక్కుతుంది. చేత్తో కంపైల్ చేసేటప్పుడు హైఫన్ జి చేర్చకపోతే ఆ ఎర్ర చుక్కల దగ్గర ఆగదు.

ఏఐ సూచనల గురించి ఒక మాట. ఇప్పుడు వీఎస్ కోడ్‌లో కోపైలట్ బూడిద రంగు అక్షరాల్లో మీరు రాయబోయేది ముందే చూపిస్తుంది. ఉద్యోగం చేసేవాళ్లకు అది కాలం ఆదా. లూప్ రాయడం ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లకు మాత్రం ఆ నేర్చుకునే పనినే లాగేసుకుంటుంది. మొదటి సెమిస్టర్ అయ్యేదాకా దాన్ని ఆపేసి, వచ్చిన ఎర్రర్ అర్థమేమిటో అడగడానికి మాత్రమే ఏఐని వాడుకోమంటాను.

మూడు పనిముట్లూ విడివిడి అని కళ్లారా చూడాలంటే, ప్రింట్ఎఫ్‌లో ‘తెలుగు’ అని తెలుగు లిపిలోనే రాసి నడపండి. ఎడిటర్లో అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. వీఎస్ కోడ్ వాటిని యూటీఎఫ్-8లో దాస్తుంది, జీసీసీ ఆ బైట్లను మారు మాట్లాడకుండా ప్రోగ్రాంలో పెట్టేస్తుంది. టెర్మినల్ దగ్గరికొచ్చేసరికి పిచ్చి గుర్తులు పడొచ్చు. సీహెచ్‌సీపీ 65001 అనే కమాండ్ ముందుగా ఇస్తే అక్షరాలు రావచ్చు గానీ, గుణింతాలు అక్షరానికి అంటకుండా విడిగా నిలబడటం మామూలే. అదే పదం పొడవెంతో ఎస్‌టీఆర్‌లెన్‌ను అడిగితే 18 అంటుంది. మనకు కనిపించేవి మూడు అక్షరాలు. యూనికోడ్ లెక్కలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిపి ఆరు, ఒక్కోదానికీ మూడేసి బైట్లు. ఎస్‌టీఆర్‌లెన్ లెక్కపెట్టేది బైట్లను మాత్రమే.